నీళ్ళను ఎండకే వదిలేయండి: చిన్న ఇటుక బట్టీలో ఊక, కట్టె, పొగ తగ్గించుకునే పద్ధతి

తొమ్మిదేళ్ళ క్రితం ఏప్రిల్‌లో మా బట్టీ పక్క తోట పెద్దాయన ఒక బుట్ట మామిడికాయలు తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి కాయకూ కొన నల్లబడి, అక్కడి కండ గట్టిపడి ఉంది. "ఇవి ఎవరూ కొనరమ్మా. మీ పొగ మా తోట మీదికే వస్తోంది" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ కాయలు పట్టుకుని ఉద్యాన శాఖ అధికారి దగ్గరికి వెళ్తే, ఇటుక బట్టీల పొగలోని గంధకపు వాయువుల వల్ల మామిడికి కాయకొన నల్లబడే జబ్బు వస్తుందని, ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతేనని చెప్పారు. మాది కడియం ప్రాంతం. చుట్టూ నర్సరీలు, తోటలు. అందరూ మొక్కల మీద బతికే చోట మొక్కను చంపే పొగ వదులుతూ కూర్చున్నామని నాకు ఆ రోజు తెలిసింది.

బట్టీ మా నాన్నగారు పెట్టింది. ఆయన తరవాత నేను నడుపుతున్నాను. ఏడాదికి మూడు నాలుగు విడతలు, విడతకు 50 వేల ఇటుక. పొగగొట్టం లేని నాటు బట్టీ, ఊకతో కాల్చేది. ఇలాంటి బట్టీ ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. లక్షలు పెట్టి కొత్త బట్టీ కట్టలేని వాళ్ళు కూడా వచ్చే విడత నుంచే మొదలుపెట్టగల పనులివి.

ముందుగా ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే నేను చేసిన మార్పులన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. తొమ్మిది అంగుళాల ఇటుక అచ్చులోంచి వచ్చేటప్పుడు నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది. అందులో దాదాపు కిలో నీళ్ళే. ఆ నీళ్ళు పోవడానికి రెండే దారులు: ఎండ, మంట. ఎండకు డబ్బు కట్టనక్కర్లేదు. తొందరపడి బట్టీ పేర్చినప్పుడు ఇటుకకు 200 గ్రాముల తడి మిగిలిపోయిందనుకోండి. 50 వేల ఇటుకలకు అది 10 టన్నుల నీళ్ళు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళ వేడి కావాలి. కిలో ఊక ఇచ్చేది 13 మెగాజౌళ్ళు. అంటే ఏమాత్రం వేడి వృథా కాదనుకున్నా 2 టన్నుల ఊక ఆ నీళ్ళను మరిగించడానికే పోతుంది, ఇటుక ఇంకా ఎర్రబడటం మొదలుపెట్టకముందే. ఒకప్పుడు మిల్లుల వాళ్ళు ఊకను ఉచితంగా తీసుకుపొమ్మనేవారు. ఇప్పుడు లారీకి ఇంత అని కట్టి తెచ్చుకుంటున్నాం.

మట్టి దగ్గర

ఎకరం పొలంలో ఒక అడుగు లోతు తవ్వితే సుమారు 1,200 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. అది అయిదారు లక్షల ఇటుకలకు సరిపోతుంది. వినడానికి లాభంగా ఉంటుంది. కానీ పంట వేళ్ళు బతికేది ఆ పై అడుగులోనే. మా నాన్నగారు మా సొంత ఎకరాన్నే మూడడుగులు తవ్వించారు. ఆ తరవాత దాళ్వాలో (రబీ వరిలో) అక్కడ నీళ్ళు నిలిచిపోయి, వరి ఎదగక, పక్క మడితో పోలిస్తే వెలవెలబోయేది. మట్టి తీయక తప్పనప్పుడు నేను చేసేది ఇది: పైన ఒక జానెడు మట్టిని విడిగా లేపి గట్టు పక్కన కుప్ప పోయిస్తాను. దాని కింది మట్టిని మోకాలు లోతుకు మించకుండా తీయిస్తాను. గోతి అడుగును చదును చేశాక, దాచిన పై మట్టిని తిరిగి పరిపిస్తాను. పొక్లెయిన్ వాడకు ఒక పూట అదనపు పని, అంతే. గనుల శాఖ అనుమతి తీసుకునేటప్పుడే ఈ ఖర్చు లెక్కలో వేసుకోండి.

చెరువు పూడిక దొరికితే ఇంకా మంచిది. కానీ అక్కడా విచక్షణ కావాలి. పూడికలో పైపైన ఉండే మెత్తటి నల్లటి మట్టి పొలానికి ఎరువులాంటిది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నది అందుకే. దాన్ని తెచ్చి కాల్చేయడం నాకు తప్పుగా తోస్తుంది. సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న అడుగు మట్టి మాత్రం మనకు పనికొస్తుంది.

ఏ మట్టి తెచ్చినా ముందు సీసా పరీక్ష చేయండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగున చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంకమట్టి మర్నాటికి. మూడు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. బంకమట్టి పావు వంతు దగ్గర ఉంటే చాలు. మూడో వంతు దాటితే ఇటుక ఆరేటప్పుడు పగులుతుంది. పగిలిన ప్రతి ఇటుకతో దాని వెనక ఖర్చయిన నీళ్ళు, కూలి కూడా పోతాయి. బంక ఎక్కువైనప్పుడు నేను రైస్‌మిల్లు బాయిలర్ల నుంచి వచ్చే ఊక బూడిద కలుపుతాను. థర్మల్ కేంద్రం దగ్గర్లో ఉన్నవాళ్ళకు అక్కడి బూడిద దొరుకుతుంది. అలాంటి కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు చేసే మట్టి ఇటుకల్లో బరువుకు కనీసం 25 శాతం బూడిద కలపాలని కేంద్ర ప్రభుత్వం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నల్లరేగడి నేలల్లో ఈ మిశ్రమం మరీ మేలు. రేగడి సాగుడు, ముడుచుకుపోయే గుణం రెండూ తగ్గుతాయి.

మట్టిలో తెల్లటి సున్నపు గులకలు కనిపిస్తే జల్లెడ పట్టాల్సిందే. అవి కాలినప్పుడు సున్నంగా మారి, గోడలో తేమ తగలగానే ఉబ్బి ఇటుకను చీలుస్తాయి. నేను ఒక ఏడాది ఆ పని వదిలేసి, ఒక ఇంటివాళ్ళకు రెండు వేల ఇటుకలు ఊరికే తిరిగి ఇచ్చాను.

పొట్టలో ఊక

మట్టి తొక్కేటప్పుడే అందులో ఊక కలిపితే, బట్టీలో ఆ ఊక ఇటుక కడుపులోనే కాలుతుంది. బయట పోసిన ఊక ఇచ్చే వేడిలో చాలా భాగం గాలిలోకి పోతుంది. లోపల కాలినది నేరుగా ఇటుకకే అందుతుంది. ఎండిన మట్టి బరువులో 3 నుంచి 5 శాతం దగ్గర నేను ఆగుతాను. 10 శాతం వేసి చూసిన విడతలో ఇటుక గుల్లబారి, అంచులు చేత్తో నలిపితే రాలాయి. ఊకను అలాగే వేయకుండా దంచి గానీ మరలో పట్టించి గానీ కలిపితే మట్టిలో సమంగా కలుస్తుంది.

పొట్టలో వేసినంత మేర పైన పోసే ఊక తగ్గించాలి. ఇది మరిచిపోతే రెండు వేడులూ కలిసి ఇటుకలు కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇక్కడ పాత అలవాటు మనుషుల చేత పని చేయిస్తుంది. మా మేస్త్రి ఎప్పుడూ పోసినట్టే పోశారు. మధ్య వరసలన్నీ ముద్దలై దిగాయి. అప్పటినుంచి పొరకు ఎన్ని తట్టలో ముందే లెక్కగట్టి కర్ర మీద గీతలు పెట్టి ఇస్తున్నాను.

గట్టి మట్టి, కూలి రేటు

మట్టిని ముందురోజు సాయంత్రమే నానబెట్టండి. రాత్రంతా నానిన మట్టి తొక్కినప్పుడు తక్కువ నీటితోనే మెత్తబడుతుంది. పొద్దున్నే పొడి మట్టి మీద నీళ్ళు పోసి తొక్కితే, లొంగడానికి రెండు బిందెలు ఎక్కువే పడతాయి. మళ్ళీ అదే నీళ్ళ లెక్క.

అయితే ఇలా నీళ్ళు తక్కువగా పోసిన గట్టి మట్టిని అచ్చులో కొట్టడం కష్టం. చేతులు నొప్పి పుడతాయి, రోజుకు దిగే ఇటుకలు తగ్గుతాయి. ఇటుక కోసేవాళ్ళకు కూలి వెయ్యికింత లెక్కన ఇస్తాం కాబట్టి, మన పొదుపు వాళ్ళ సంపాదన లోంచి కోసుకున్నట్టవుతుంది. మొదటి వారం వాళ్ళు జారు మట్టి వైపే వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఊకలో మిగిలేది ఎంతో లెక్క చూసుకుని వెయ్యికి రేటు పెంచాను. ఆ తరవాత ఎవరూ జారు మట్టి కలపలేదు. ఈ మెట్టు దాటకుండా గట్టి మట్టి గురించి ఎంత చెప్పినా పని జరగదు.

అచ్చులో పేరు పడే గుంటను పెద్దది చేస్తే మట్టి మిగులుతుందని కొందరు చెబుతారు. 14 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, ఒకటిన్నర లోతు గుంటతో నూటికి అయిదు ఇటుకల మట్టి మిగులుతుంది, నిజమే. కానీ గోడ కట్టేటప్పుడు తాపీమేస్త్రి ఆ గుంట నిండా సిమెంటు మాలు నింపుతారు. మట్టి మిగిల్చి సిమెంటు పోయడం లాభం కాదని నేను దాన్ని మానేశాను.

ఆరబెట్టడం: ఇక్కడ తొందర వద్దు

విడత మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ మిగిల్చేది ఈ పదిహేను రోజులే. మొదటి రెండు రోజులు ఇటుకను పడుకోబెట్టే ఉంచండి, ఎండ తీవ్రంగా ఉంటే పైన తాటాకులు కప్పండి. పై పొర ముందే బిగిసిపోతే లోపలి నీళ్ళు బయటికి రాలేక ఇటుక చీలుతుంది. తరవాత అంచు మీద నిలబెట్టండి. చేత్తో పట్టుకుంటే వేలి గుర్తు పడని స్థితికి వచ్చాక, గాలి ఆడేలా వేలెడు సందులు వదులుతూ అడ్డదిడ్డంగా నడుము ఎత్తు గోడలుగా పేర్చండి. ఆ గోడల పొడవు గాలి వీచే దిక్కుకు అడ్డంగా ఉంటే ప్రతి సందులోంచీ గాలి దూసుకుపోతుంది. మాకు వేసవి సాయంత్రాలు దక్షిణం నుంచి పైరగాలి వస్తుంది కాబట్టి మా వరసలు తూర్పు పడమరలుగా ఉంటాయి.

ఆరిందో లేదో చూపుతో చెప్పడం మానేయండి. నేను ఇన్నేళ్ళ తరవాత కూడా చూపును నమ్మను. వేర్వేరు వరసల నుంచి పది ఇటుకలు తీసి సుద్దతో అంకెలు వేయండి. కూరగాయల తూకం మిషన్ సరిపోతుంది. రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాసి, వాటి చోట్లలో వాటిని పెట్టేయండి. మొదట్లో రోజుకు వంద గ్రాములకు పైగా తగ్గుతుంది, తరవాత యాభై, తరవాత ఇరవై. వరసగా రెండు రోజులు పదింటి బరువూ తగ్గకుండా నిలబడితే అప్పుడు బట్టీ పేర్చండి. అనుమానంగా ఉంటే ఒకటి విరిచి చూడండి. మధ్యలో ముదురు రంగు మచ్చ ఉంటే తడి ఇంకా ఉన్నట్టే. నాలుగు రోజులు ఎక్కువ ఆగినందుకు మొదటిసారి నాకే భయం వేసింది, అకాల వర్షం వస్తుందేమోనని. అందుకే కప్పడానికి సరిపడా పట్టాలు ముందే కొని దగ్గర పెట్టుకున్నాను.

కట్టెకూ ఇదే సూత్రం. పచ్చి కట్టెలో సగం దాకా నీరే. చీల్చి, కప్పు కింద గాలికి పేర్చి, ఒక వేసవి దాటించి వాడండి. చింత మొద్దులు, మామిడి మొద్దులు కొనడం నేను మానేశాను. సర్కారు తుమ్మ కంపకు ఎక్కడా కొదవ లేదు. తోటల నుంచి కొబ్బరి డొక్కలు దొరుకుతాయి. టైర్లు, ప్లాస్టిక్, పాత నూనె బట్టీలో వేయకండి. కొందరు ఇప్పటికీ వేస్తున్నారు. ఆ విషం ముందు చేరేది బట్టీ పైన నిలబడి పనిచేసే మనిషి ఊపిరితిత్తుల్లోకే. 2022 ఫిబ్రవరి 22న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ కూడా టైర్లను, ప్లాస్టిక్‌ను, పెట్‌కోక్‌ను (ముడి చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం) నిషేధించింది. కొత్త బట్టీ పెట్టేవాళ్ళు ఊళ్ళకూ పండ్ల తోటలకూ 800 మీటర్ల దూరం పాటించాలని అందులోనే ఉంది. మా మామిడి తోట పెద్దాయన చెప్పినదే ఆ నిబంధనలో రాసి ఉన్నట్టనిపించింది నాకు.

పేర్చడం, కాల్చడం

25 వేల బట్టీలు రెండు కాల్చడం కన్నా 50 వేలది ఒకటి కాల్చండి. అదే ఆకారంలో ఉన్న రెండు చిన్నవాటి బయటి వైశాల్యం ఒక పెద్దదానికన్నా పావు వంతు ఎక్కువ. వేడి జారిపోయేది బయటి వైపు నుంచే. చుట్టూ పాత కాలిన ఇటుకలతో ఒక వరస గోడ కట్టి, మట్టి, ఊక, పేడ కలిపి మందంగా మెత్తండి. పగుళ్ళు కనిపించినప్పుడల్లా మళ్ళీ మెత్తాలి. పైన అర అడుగు మందాన ఊక బూడిద పరవండి. దానికి పైసా ఖర్చు లేదు. అది వేడిని ఎంత బాగా పట్టి ఉంచుతుందంటే, లోపల ఇటుక ఎర్రగా మండుతున్నా పైన చెయ్యి పెట్టగలుగుతాం. గాలి వచ్చే వైపు తాటాకు తడికలు కట్టండి. లేకపోతే ఒక వైపు మాడి, ఇంకో వైపు పచ్చిగా దిగుతుంది.

మొదటి రాత్రి చిన్న మంటే పెట్టాలి. మిగిలిన కాస్త తడి నెమ్మదిగా ఆవిరవ్వాలి. పై వరసల్లోకి ఒక ఇనుప కడ్డీ దింపి కాసేపుంచి తీయండి. కడ్డీ మీద చెమ్మ ఉంటే ఆ చిన్న మంటనే కొనసాగించండి, పొడిగా వస్తే మంట పెంచండి. ఆ తరవాత కట్టెలు ఒక్కసారే కుక్కకుండా కొంచెం కొంచెంగా, తరచుగా వేయించండి. నల్ల పొగ వచ్చిందంటే గాలి చాలక కట్టె సరిగా కాలడం లేదని అర్థం. అది పొగ రూపంలో పోతున్న మన డబ్బు కూడా. ఇటుక కాలడానికి 900 నుంచి 1,000 డిగ్రీల వేడి కావాలి. కట్టెలు వేసే కన్నంలోంచి చూస్తే లోపల నారింజ రంగు కనిపించాలి. తెలుపు దిశగా మారుతుంటే వెంటనే కన్నాలు మూసేయండి.

పొగగొట్టం బట్టీ ఉన్నవాళ్ళకు దారి వేరు. వాళ్ళు జిగ్‌జాగ్ పద్ధతికి మారితే బొగ్గు అయిదో వంతు దాకా తగ్గుతుందని అనుభవంలో తేలింది. ఇటుకల మధ్య గాలి వంకరటింకరగా ప్రయాణించి ఎక్కువసేపు వేడిని ఇచ్చిపోతుంది. కానీ పేర్పు మార్చి, మంట వేసేవాళ్ళకు నేర్పకుండా ఊరుకుంటే ఫలితం రాదు. చిన్న గరిటెతో ఆగకుండా వేయడమే అందులో కీలకం.

లెక్క పుస్తకం, నాణ్యత

ప్రతి విడతకూ లోపలికి వెళ్ళిన ఊక, కట్టెల బరువు, దిగిన మంచి ఇటుకల సంఖ్య రాయండి. ఉదాహరణకు 20 టన్నుల ఊకతో 50 వేల ఇటుకలు, ఒక్కొక్కటి 2.8 కిలోలు అనుకుంటే, కిలో ఇటుకకు 1.86 మెగాజౌళ్ళు పట్టినట్టు. 15 టన్నులకు దిగితే 1.39. జిగ్‌జాగ్ బట్టీల్లో అది 1.1 దగ్గర ఉంటుంది. సగం కాలినవీ విరిగినవీ ఈ లెక్కలో చేర్చకూడదు. చేరిస్తే మనల్ని మనమే మోసగించుకుంటాం.

ఊక కలిపిన ఇటుకకు నీటి పరీక్ష తప్పనిసరి. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచండి. 2,800 గ్రాములది 3,300 అయితే 18 శాతం పీల్చింది. సాధారణ ఇటుకకు 20 శాతం హద్దు. అది దాటితే వచ్చే విడతలో ఊక తగ్గించండి.

అసలు కాల్చకుండా చేసే ఇటుక సంగతీ చెప్పాలి. బూడిద, సున్నం, జిప్సంతో నీళ్ళలోనే గట్టిపడే ఫాల్‌-జీ ఇటుకను విశాఖపట్నంలో పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్ రూపొందించారు. ఇబ్రహీంపట్నం, పరవాడ, రామగుండం లాంటి థర్మల్ కేంద్రాలున్న చోట్ల, బూడిద పక్కనే ఉన్నవాళ్ళకు నేను దాన్నే సూచిస్తాను. మాకు ఆ బూడిద లారీల్లో 150 కిలోమీటర్లకు పైగా రావాలి. అందుకే ఊకతోనే ఉండిపోయాను.

ఇటుక కొనడానికి వచ్చినవాళ్ళకు ర్యాట్ ట్రాప్ పద్ధతి గురించి కూడా చెబుతాను. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతూ కట్టే ఆ గోడకు పావు వంతు ఇటుకలు తక్కువ పడతాయి, ఇల్లు కూడా చల్లగా ఉంటుంది. నాలుగు వేలు అమ్మాల్సిన చోట మూడు వేలే అమ్ముతున్నానని మా ఆయన అంటారు. ఆ వెయ్యి ఇటుకల మట్టి, ఊక నా దగ్గరే మిగిలాయని నేనంటాను.

మా మూడడుగుల ఎకరం ఇప్పుడు అంతగా గొయ్యి కాదు. మూడు వేసవుల పాటు చెరువు పూడిక పై మట్టి తోలి, మీద పశువుల ఎరువు చల్లి, జనుము వేసి దున్నించాను. నిరుడు వరి కోశాక అందులో మినుము చల్లాం. పక్క మడి అంత కాకపోయినా ఇంటికి సరిపడా వచ్చింది. మామిడి తోట పెద్దాయనకు ఒక కుంచం పంపించాను.